సిలికా వేయడం వేరు, కలపడం వేరు

ఆరేళ్ల కిందట, వానాకాలంలో ఒక పొద్దున, ఒక రైస్ మిల్లు ఓనరు గారు ఆటోలో రెండు జతల రబ్బరు రోలర్లు వేసుకుని వాటిని తయారుచేసే మా షెడ్డు ముందు దిగారు. కోపంగా ఏమీ మాట్లాడలేదు. ఒక రోలర్‌ని దొర్లించుకుంటూ నా బల్ల దాకా తెచ్చి, "ఏవండీ, వారం కూడా ఆడలేదు. ఒకసారి చెయ్యి పెట్టి చూడండి" అన్నారు. చూశాను. రబ్బరు నున్నగా అరగలేదు. పాత గోడకి సున్నం ఊడినట్టు అక్కడక్కడా పెచ్చులుగా ఊడిపోయింది. అలవాటు కొద్దీ హార్డ్‌నెస్ మీటర్ తీసి మూడు చోట్ల నొక్కాను. 90, 91, 90. మేము ఇస్తామన్నది కూడా 90 షోరే, షోర్ అంటే రబ్బరు గట్టిదనానికి కొలత. "మీటర్ సరిగ్గానే చూపిస్తోంది కదండీ" అని నోటి దాకా వచ్చింది. ఆయన అరచేతిలో బొటనవేలు గోరంత పెచ్చు ఉంది. ఆ మాట అనలేకపోయాను.

ఆ రోజు నుంచి నేను చెబుతున్న మాట ఒకటే. రబ్బరులో కలిపే సిలికా అనే తెల్ల పొడి దానికి బలం ఇస్తుందన్నది సగం నిజం. ఆ బలం సిలికా రేణువులో లేదు, రేణువుకీ రబ్బరుకీ మధ్య ఉన్న అతుకులో ఉంది. అతుకు పడకపోతే మనం వేసింది ఖరీదైన సుద్దపొడితో సమానం. మా లైన్‌లో చాలామంది దీన్ని ఒప్పుకోరు. "ఇంకో ఐదు కిలోలు సిలికా ఎక్కువ వెయ్యి, గట్టిపడుతుంది" అన్నదే ఇప్పటికీ చాలా షెడ్లలో నడిచే సూత్రం. అది ఎందుకు తప్పో కాస్త వివరంగా రాయాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను.

ముందు ఆ రోలర్ చేసే పని చెప్పాలి, రైస్ మిల్లు లోపల చూడనివాళ్ల కోసం. రెండు రబ్బరు రోలర్లు పక్కపక్కన ఎదురెదురుగా తిరుగుతుంటాయి. ఒకటి కాస్త వేగంగా, రెండోది కాస్త నెమ్మదిగా. వడ్లు ఆ సందులోంచి పడతాయి. గింజ ఒక వైపు ముందుకి, ఇంకో వైపు వెనక్కి లాగినట్టయి ఊక వలుచుకుని ఊడిపోతుంది. ఇనుముతో అదే పని చేస్తే గింజ విరిగి నూక ఎక్కువ పోతుంది. రబ్బరు కాస్త లొంగుతుంది కాబట్టి గింజ బతుకుతుంది. అంటే రబ్బరు గింజకి లొంగాలి, ఊకకి మాత్రం లొంగకూడదు. ఈ రెండూ ఒక్క పదార్థం చేత చేయించడమే మా పని.

ఊక అనగానే మెత్తగా, తేలిగ్గా అనిపిస్తుంది. వడ్లు తూర్పార పట్టినవాళ్లకి దాని సంగతి తెలుసు, ఒంటికి తగిలితే దురద, గీరుకుంటే మంట. వరి మొక్క నేలలోని సిలికాని నీటితో పాటు వేళ్లతో పీల్చుకుని, ఎక్కువ భాగాన్ని ఆకుల్లోనూ ఊక పైపొరలోనూ పేర్చుకుంటుంది. పురుగు కొరకకుండా, గింజ చెడకుండా అది దాని కవచం. ఆ కవచం రాత్రీ పగలూ రోలర్‌ని గీరుతూ ఉంటుంది. దానికి తట్టుకోవడానికి మేము రబ్బరులో కలిపేదీ సిలికానే. మిల్లు రోలర్‌కి కార్బన్ బ్లాక్ అనే నల్ల మసిపొడి వేస్తే రబ్బరు బలంగానే ఉంటుంది, కానీ అరిగినప్పుడల్లా ఆ నలుపు బియ్యానికి అంటుతుంది. తెల్ల బియ్యం మీద నల్ల మచ్చ ఉంటే ఏ వ్యాపారీ కొనడు. అందుకే తెల్ల రోలర్, అందుకే సిలికా.

ఇక సిలికా సంగతి. మా భాషలో సుద్ద, చైనా క్లే, సిలికా, కార్బన్ బ్లాక్ అన్నీ ఫిల్లర్లే. ఆ పేరే మనల్ని దారి తప్పించింది. ఫిల్లర్ అంటే ఖాళీ నింపేది, ధర తగ్గించేది అని అర్థం వస్తుంది. సుద్ద విషయంలో అది నిజమే. సిలికా విషయంలో కానే కాదు. రబ్బరుకి వాడే సిలికా ఇసుకని దంచి చేసిన పొడి కాదు. సోడియం సిలికేట్ ద్రావణంలో సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపితే అవక్షేపంగా దిగే తెల్లటి పదార్థం. దాని మూల రేణువు 20 నానోమీటర్ల అటూ ఇటూ ఉంటుంది. అంటే మిల్లీమీటరు పొడవులో యాభై వేల రేణువులు వరసగా పడతాయి. అవి విడివిడిగా ఉండవు. ద్రాక్షగుత్తిలా కొన్ని గట్టిగా అతుక్కుని ఉంటాయి, ఆ గుత్తులు మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలవుతాయి. గుత్తిని విడదీయలేం, విడదీయనక్కర్లేదు కూడా. ముద్దని మాత్రం విడదీసి తీరాలి.

ఎందుకంటే మనం డబ్బు పెట్టి కొనేది బరువుని కాదు, ఉపరితలాన్ని. మంచి గ్రేడు సిలికా ఒక్క గ్రాములో 175 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. మన లెక్కలో 200 గజాల ఇంటి స్థలం పైమాటే. చిటికెడు పొడిలో ఒక ఇంటి స్థలం! రబ్బరు గొలుసులు ఆ స్థలమంతా పరుచుకుని పట్టుకోగలిగితే బలం వస్తుంది. పొడి ముద్దగానే ఉండిపోతే ఆ స్థలానికి ప్రహరీ కట్టి తాళం వేసినట్టే. రబ్బరు లోపలికి పోలేదు.

ఉత్త పరిమాణం వల్ల ఎంత వస్తుందో లెక్క కట్టవచ్చు. ద్రవంలో గట్టి రేణువులు కలిపితే అది ఎంత చిక్కబడుతుందో ఐన్‌స్టీన్ 1906లో ఒక సూత్రం రాశారు, 1911లో అందులోని గుణకాన్ని సరిదిద్దారు. రేణువుల పరిమాణ భాగాన్ని రెండున్నరతో గుణించి ఒకటికి కలపడం, అంతే. 1938లో గూత్, గోల్డ్ అనే ఇద్దరు దాన్ని రేణువులు దగ్గరదగ్గరగా ఉండే స్థితికి పొడిగించారు. తర్వాత అదే రబ్బరుకీ వాడుకలోకి వచ్చింది. మా రోలర్‌లో వంద కిలోల రబ్బరుకి 50 కిలోల సిలికా పడుతుంది. పరిమాణంలో అది సుమారు 20 శాతం. ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం బిగువు ఒకటిన్నర రెట్లు కావాలి. గూత్, గోల్డ్ లెక్కలో రెండు రెట్లు. కానీ నిజంగా కొలిస్తే, చాలా కొద్దిగా సాగదీసినప్పుడు, బిగువు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ అదనం ఎక్కడిది?

కొంత భాగం గుత్తుల సందుల్లో ఇరుక్కున్న రబ్బరుది. అది బయటి లాగుడికి కదలదు కాబట్టి అదీ గట్టి రేణువులా నటిస్తుంది. ఎక్కువ భాగం మాత్రం సిలికా రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని రబ్బరంతటా అల్లుకున్న వల వల్ల. సిలికా ఉపరితలం నిండా సైలనాల్ గుంపులుంటాయి, అంటే సిలికాన్‌కి అతుక్కున్న ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు. వాటికి నీళ్లంటే ఇష్టం, ఒకదానికొకటి అంటే ఇంకా ఇష్టం. రబ్బరు నూనె జాతిది, దానితో వీటికి పొత్తు కుదరదు. అందుకే సిలికా రబ్బరులో పడగానే తనవాళ్ల కోసం వెతుక్కుంటుంది. మిక్సింగ్‌లో విడదీసినా, షీటు తీసి నాలుగు రోజులు పక్కన పెడితే మళ్లీ దగ్గరికి చేరుతుంది. నిల్వ ఉన్న సిలికా కాంపౌండ్, అంటే అన్నీ కలిపిన పచ్చి రబ్బరు, గట్టిపడిపోయిందని మేస్త్రీలు అంటారే, అది ఇదే.

ఇక్కడే మీటర్ చేసే మోసం ఉంది. ఈ విషయం నాకు తెలియడానికి పదేళ్లు పట్టింది. షోర్ మీటర్ చిన్న సూదితో రబ్బరుని కొద్దిగా నొక్కుతుంది. అంత చిన్న నొక్కుడికి సిలికా వల విరగదు, నిటారుగా ఎదురు నిలబడుతుంది. కాబట్టి సరిగ్గా కలవని, ముద్దలుగా మిగిలిన కాంపౌండ్ మీటర్ మీద ఇంకా ఎక్కువ గట్టిదనం చూపిస్తుంది! ఎక్కువ సాగదీస్తే ఆ వల ఇట్టే తెగిపోతుంది, బిగువు ఒక్కసారిగా పడిపోతుంది. 1960లలో దీన్ని వివరంగా కొలిచిన బ్రిటిష్ శాస్త్రవేత్త పేరు మీద దీన్ని పేన్ ఎఫెక్ట్ అంటారు. మా రోలర్ 90 చూపించడానికీ, వారంలో పెచ్చులు ఊడడానికీ కారణం ఒకటేనన్న మాట. మీటర్‌కి గట్టిగా కనిపించింది సిలికాల చేయీ చేయీ పట్టుకున్న వల. గింజ తగిలినప్పుడు కావలసింది సిలికాకీ రబ్బరుకీ మధ్య పట్టు. అది లేదు.

ఆ రోజు మిల్లు ఓనరు గారు కాఫీ తాగుతుండగా నేను రోలర్ అంచు నుంచి కొత్త బ్లేడుతో పలచటి ముక్క కోశాను. లోపలి కోత నున్నగా, ఒకే రంగులో మెరవాలి. లెన్స్ పెట్టి చూస్తే ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఒక చుక్కని గుండుసూదితో గిల్లితే పొడి రాలింది. పొడి! 150 డిగ్రీల్లో క్యూర్ అయి, అంటే వేడికి ఉడికి గట్టిపడి, మిల్లులో వారం ఆడి వచ్చిన రబ్బరు లోపల ఇంకా సంచిలోంచి తీసినట్టే ఉన్న సిలికా. పెచ్చు ఊడిన చోటు అడుగున కూడా అలాంటి చుక్కే ఉంది. పగులు అక్కడే మొదలై, పక్క చుక్కకి పాకి, పెచ్చు లేచింది.

మిక్సింగ్ చేసే మేస్త్రీని పిలిచి అడిగాను. నాకన్నా పెద్దాయన, బాబాయ్ అనే పిలుస్తాను. "నూనె ఎప్పుడు పోశావు బాబాయ్?" "ముందే పోశాను. సిలికా ఎగిరిపోతోంది, నోట్లోకి ముక్కులోకి వస్తోంది. నూనె పోస్తే గబగబా తాగేస్తుంది కదా." ఆయన తప్పేం లేదు. సీజన్ దగ్గర పడుతోందని, రోజుకి రెండు బ్యాచ్‌లు ఎక్కువ తీయమని తొందరపెట్టింది నేను. నూనె ముందు పోస్తే రబ్బరు మెత్తబడి పొడిని త్వరగా మింగుతుంది, కానీ నమలదు. ముద్ద విడిపోవాలంటే రబ్బరు బిగువుగా ఉండి ముద్దని చీల్చాలి. మెత్తని రబ్బరులో ముద్ద జారిపోతుంది. పైకి చూస్తే తెల్లటి నున్నని షీటు వస్తుంది. అదే మమ్మల్ని నమ్మించింది. నాలుగు రోలర్లకీ డబ్బు వెనక్కి ఇచ్చేశాం.

ఆ దెబ్బ తర్వాత సైలేన్ వాడదామని నిర్ణయించాం. సైలేన్ అంటే రెండు వైపులా రెండు రకాల చేతులున్న రసాయనం. ఒక చెయ్యి సిలికా మీది సైలనాల్‌ని పట్టుకుంటుంది. రెండో చెయ్యి గంధకం గొలుసు, క్యూరింగ్‌లో రబ్బరుతో కలిసిపోతుంది. 1970ల మొదట్లో జర్మనీకి చెందిన డెగుస్సా కంపెనీ ఎస్ఐ-69 పేరుతో మార్కెట్లోకి తెచ్చిన ద్రవం ఇప్పటికీ చాలామందికి ఇదే పేరుతో గుర్తు. అంతకు ముందు మేము డైఇథైలీన్ గ్లైకాల్ మాత్రమే పోసేవాళ్లం. అది సైలనాల్‌ని కప్పి పెడుతుంది, క్యూరింగ్‌ని వేగపరిచే యాక్సిలరేటర్ని సిలికా మింగేయకుండా కాపాడుతుంది. క్యూరింగ్ టైముకి అవుతుంది. కానీ రబ్బరుకి, సిలికాకి ముడి వేయదు. గొడవ ఆపడం వేరు, వియ్యం కలపడం వేరు.

సైలేన్ ఖరీదు. వంద కిలోల సిలికాకి సుమారు ఎనిమిది కిలోలు పడుతుంది. కొన్నాం, ఓపెన్ మిల్ మీద, అంటే పైన మూత లేని రెండు రోలర్ల మిక్సింగ్ మిషన్ మీద, పోసి కలిపాం. ఫలితం పాతదానికన్నా కాస్త మేలు, అంతే. "ఇంత డబ్బు పోసి ఇంతేనా" అని నిరాశపడ్డాం. తప్పు సైలేన్‌ది కాదు. అది సిలికాతో బాగా ప్రతిచర్య జరపాలంటే 140 నుంచి 155 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషాలు ఉండాలి. ఓపెన్ మిల్ మీద కాంపౌండ్ అంత వేడెక్కదు, నీళ్లు తిప్పుతూ చల్లబరుస్తూ ఉంటాం కదా. తర్వాత పాత నీడర్ ఒకటి కొన్నాం, అది మూత ఉన్న మిక్సింగ్ మిషన్. మూత పెట్టి, 148 దగ్గర నాలుగు నిమిషాలు నిలబెట్టి, మూత ఎత్తగానే గుప్పుమని స్పిరిట్ వాసన! సైలేన్ సిలికాని పట్టుకున్నప్పుడు దాని నుంచి ఇథనాల్ విడుదలవుతుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, ఆ వాసన ముక్కుకి తగిలిన రోజే నాకు నమ్మకం కుదిరింది. ఇప్పుడు మా షెడ్డులో ఆ వాసన రాకపోతే బ్యాచ్ ముందుకి కదలదు. వేడి 165 దాటితే ఇంకో ప్రమాదం, గంధకం చెయ్యి ముందే విడిపోయి నీడర్‌లోనే రబ్బరు కాలి ముద్దకడుతుంది. అలా ఒక బ్యాచ్ పారేశాం కూడా. పై నుంచి కింద దాకా పాతిక డిగ్రీల సందులో చేసే పని ఇది. గాలికి పడిన సిలికా సంచి తడి పీల్చుకుంటుంది కాబట్టి, వానాకాలంలో ఆ సందు ఇంకా ఇరుకవుతుంది.

సరిగ్గా సైలేన్ పట్టిన ఆ బ్యాచ్ మీటర్ మీద 88 చూపించింది. పాతది 90. మీటర్‌నే నమ్మే కొనుగోలుదారుకి ఇది తక్కువ సరుకు. ఇదే నా అసలు ఫిర్యాదు. మన దగ్గర రబ్బరు సరుకు కొనేవాళ్లు బొటనవేలితో నొక్కి, మీటర్ పెట్టి, బరువు తూచి కొంటారు. ఆ మూడు పరీక్షల్లోనూ సరిగ్గా కలవని కాంపౌండే గెలుస్తుంది. సుద్ద కలిపితే బరువు పెరుగుతుంది, సిలికా ముద్దలుగా ఉంటే గట్టిదనం పెరుగుతుంది. నిజాయితీగా మిక్సింగ్‌కి కరెంటూ టైమూ పెట్టినవాడు ఓడిపోతాడు. కొనేవాళ్లని నేను తప్పుపట్టను, వాళ్ల చేతిలో ఉన్న పరికరం అదొక్కటే. అమ్మేవాళ్లం మాత్రం మనకి తెలిసీ ఆ పరికరం వెనక దాక్కోకూడదు. సాగదీసి తెంపే పరీక్ష, అరుగుదల పరీక్ష అడగండి అని కొనేవాళ్లకి మనమే చెప్పాలి. సిలికా వేయని ఎస్‌బీఆర్ అనే కృత్రిమ రబ్బరుని లాగితే రెండు మూడు మెగాపాస్కల్స్ (లాగుడు బలానికి కొలత) దగ్గరే తెగిపోతుంది. సిలికా బాగా అతుక్కుంటే దానికి పది రెట్ల దాకా వెళుతుంది. ఆ తేడా మీటర్ సూదికి ఎప్పటికీ కనిపించదు.

టైర్ల చరిత్ర చూసినా ఇదే కథ. తొలినాళ్ల టైర్లు నల్లగా ఉండేవి కావు. 1904 ప్రాంతంలో లండన్ శివారు సిల్వర్‌టౌన్‌లో కార్బన్ బ్లాక్ రబ్బరుని ఎంత బలపరుస్తుందో గుర్తించాక నలుపు రాజ్యమేలింది. సిలికా చెప్పుల అట్టలకీ రంగు సరుకుకీ పరిమితమైంది. టైరు బటన్‌కి, అంటే నేలకి తగిలే పైపొరకి, సిలికా పనికిరాదన్నదే అప్పటి అభిప్రాయం, అతుకు లేకపోవడం వల్ల త్వరగా అరిగిపోయేది. 1990ల మొదట్లో ఫ్రాన్స్‌లో మిషెలిన్ వాళ్లు బాగా విడిపోయే రకం సిలికా, సైలేన్, దానికి తగిన ఎస్‌బీఆర్, వేడి మీద జాగ్రత్తగా మిక్సింగ్, ఈ నాలుగూ కలిపి గ్రీన్ టైరు తెచ్చారు, ఆ పేరు రంగుని బట్టి కాదు, ఇంధనం ఆదా చేస్తుందని. వాళ్లు కొత్తగా కనిపెట్టింది సిలికానీ కాదు, సైలేన్‌నీ కాదు. రెండూ అప్పటికే ఉన్నాయి. కలిపే పద్ధతిని పట్టుకున్నారు.

దాని వల్ల ఒరిగింది చిన్నది కాదు. కారు గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే టైరు సెకనుకి దాదాపు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టుకీ బటన్ నేలకి అణిగి లేస్తుంది. అణిగినప్పుడల్లా ఫిల్లర్ వల తెగి, లేచినప్పుడల్లా మళ్లీ కూడుతుంటే ఆ పని అంతా వేడిగా పోతుంది. ఆ వేడికి ఖర్చయ్యేది మన పెట్రోలే. సైలేన్‌తో సిలికా రబ్బరుకి కట్టుబడితే తెగడానికి వల తక్కువ, అందుకే దొర్లే నిరోధం సుమారు 20 శాతం తగ్గింది. తడి రోడ్డు మీద పట్టు పోలేదు, పైగా పెరిగింది. ఐరోపాలో 2012 నుంచి ప్రతి కారు టైరు మీదా ఈ రెండు గుణాలకీ గ్రేడు అక్షరం వేసి అమ్ముతున్నారు. మన హైవేల మీద లారీ టైర్లు మాత్రం ఇంకా ఎక్కువగా కార్బన్ బ్లాక్‌వే. వాటిలో సహజ రబ్బరు ఎక్కువ, దానితో సిలికా అతుకు అంత బాగా కుదరదు. అతుకు కుదరని చోట సిలికా పనికిరాదన్నదానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మిల్లు రోలర్‌కీ వేడి శత్రువే. ఎండాకాలం మధ్యాహ్నం షిఫ్టులో రోలర్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. వేడెక్కిన రబ్బరు మెత్తబడి ఇంకా త్వరగా అరుగుతుంది. అందుకే గాలి కొట్టి చల్లబరుస్తారు. వేడి లోపలే తక్కువ పుట్టేలా చేయడం మా చేతిలో ఉన్న పని.

ఇక ఊక బూడిద సంగతి చెప్పకుండా ఆపలేను, ఎందుకంటే ఈ మధ్య నెలకొకరు దాని శాంపిల్ సంచితో వస్తున్నారు. వంద కిలోల వడ్లకి 20 కిలోల ఊక, దాన్ని కాలిస్తే సుమారు నాలుగు కిలోల బూడిద. అందులో 85 శాతం పైనే సిలికా. మిర్యాలగూడ లాంటి చోట, గోదావరి జిల్లాల్లో బాయిలర్లు ఊక మీదే నడుస్తాయి. బూడిద గుట్టలు ఎక్కడ పోయాలో తెలియక రోడ్ల పక్కన పోస్తున్నారు, గాలి వస్తే ఊరంతా బూడిదే. ఆ బూడిద రబ్బరులోకి వెళితే బాగుండునని నాకూ మనసారా ఉంది. కానీ "బూడిద జల్లించి నేరుగా వేసేయండి, ఇదీ సిలికానే, సగం ధర" అన్న మాటకి నేను ఒప్పుకోను. బూడిద రేణువు మైక్రాన్లలో ఉంటుంది, మన సిలికా కన్నా వందల రెట్లు పెద్దది. దానికి 200 గజాల స్థలం లేదు. నేను వేసి చూశాను, రబ్బరు బలం పెరగలేదు, సుద్ద వేసినట్టే ఉంది. పేరు సిలికా అయితే సరిపోదు.

ఇంకో విషయం మరీ ముఖ్యం. బాయిలర్‌లో వేడి 700, 800 డిగ్రీలు దాటితే ఊకలోని సిలికా స్ఫటికంగా మారడం మొదలవుతుంది. స్ఫటిక సిలికా దుమ్ము ఊపిరితిత్తులకి సిలికోసిస్ తెస్తుంది. మేము కొనే అవక్షేప సిలికాకి ఆ గుణం లేదు, అయినా మాస్కు లేకుండా ముట్టుకోనివ్వం. ఏ బాయిలర్‌దో తెలియని బూడిదని తెచ్చి, బాబాయ్ లాంటి వాళ్ల ముక్కు కింద ఓపెన్ మిల్ మీద గుమ్మరించడం నా వల్ల కాదు. కిలోకి పది రూపాయలు మిగిలినా సరే.

సరైన దారి ఉంది. బూడిదని కాస్టిక్ సోడాలో కరిగించి సోడియం సిలికేట్ చేసి, దాని నుంచి మామూలు పద్ధతిలోనే సిలికాని దింపవచ్చు. అప్పుడు వచ్చే రేణువు అసలుదానికి తీసిపోదు. గుడ్‌ఇయర్ కంపెనీ ఇలా బూడిద నుంచి తీసిన సిలికాని టైర్లలో వాడతామని 2014లోనే ప్రకటించింది. బూడిద గుట్టలు మన ఊళ్లలో ఉన్నాయి. చిత్తూరు వైపు, అచ్యుతాపురంలో, సదాశివపేటలో టైర్ల ఫ్యాక్టరీలున్నాయి. మధ్యలో కావలసింది బూడిదని కరిగించే యూనిట్లు, సిలికా గ్రేడుని నికరంగా కొలిచే ల్యాబులు. రాయితీ ఇవ్వదలిస్తే బూడిద జల్లించేవాళ్లకి కాకుండా వీటికి ఇవ్వాలన్నది నా వాదన.

ఊక నుంచి తీసిన అవక్షేప సిలికా ఒక సంచి ఈ మధ్యే నాకు దొరికింది. సిలికా మూడు విడతలుగా, నూనె చివర్లో, 148 దగ్గర నాలుగు నిమిషాలు. స్పిరిట్ వాసన వచ్చింది. బ్లేడుతో కోసి బాబాయ్‌కి లెన్స్ ఇచ్చాను. ఆయన వెలుతురుకి తిప్పి తిప్పి చూసి, "చుక్క లేదురా" అన్నారు. ఆ బ్యాచ్‌తో చేసిన జత రోలర్లని అప్పట్లో ఆటోలో వచ్చిన ఆ ఓనరు గారికే ఇచ్చాను, మీటర్ మీద 88 అని ముందే చెప్పి. ఆయన మీటర్ అడగలేదు. జేబులోంచి చిన్న కాగితం తీసి ఎక్కించిన తేదీ రాసుకున్నారు. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది కాబట్టి మధ్యలో రెండిటినీ అటుదిటు మార్చాలి. మార్చే రోజు ఫోన్ చేస్తానన్నారు. ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు, ఇంకా ఫోన్ రాలేదు.